ఉత్తర్‌పారాలో పోసిన బ్లాకుకి రేసులో చోటెందుకు ఉండకూడదు

పోయిన నవంబరులో ఒకరోజు పొద్దున్నే షాపు షట్టర్ ఎత్తుతుంటే మా బావ ఫోన్ చేశాడు, అమెరికాలో వాళ్లకి అప్పుడు రాత్రి, "ఒరే, మావయ్య దాచిన అంబాసిడర్ బ్లాకులు ఇంకా ఉన్నాయా, తుక్కుకి వేసేశారా" అని అడిగాడు. ఉన్నాయి బావా, వెనక రేకుల షెడ్డులో గోనెసంచులు కప్పి ఉన్నాయి అన్నా. కాసేపు అవతల నుంచి మాట లేదు, తర్వాత "దేవుడు లాంటి మనిషిరా మావయ్య" అన్నాడు.

మాది విజయనగరంలో రీబోరింగ్ షాపు, అరిగిన ఇంజన్ సిలిండర్లని మళ్లీ తొలిచి సాపు చేస్తాం. బ్లాకంటే ఆ సిలిండర్లన్నీ ఉండే ఇంజన్ మొండెం, పోత ఇనుముతో పోస్తారు, దాన్నే మేము బీడంటాం. నాన్న పెట్టారు, ఇప్పుడు నేను చూస్తున్నా. సాలూరు లారీలు, ట్రాక్టర్లు, ఒకప్పుడు పార్వతీపురం, అరకు తిరిగే అంబాసిడర్ టాక్సీలు, ఇవే మాకు అన్నం పెట్టాయి. టాక్సీ వాళ్లు పెట్రోలు ఖర్చు పడలేక 1489 సీసీ ఇంజన్లు దింపేసి డీజిల్ ఇంజన్లు ఎక్కించుకున్న రోజుల్లో ఆ దింపిన ఇంజన్లు కిలో లెక్కన తుక్కుకి పోయేవి, నాన్న మాత్రం వాటిలో మంచి బ్లాకులు ఏరి పక్కన పెట్టేవారు, ఎందుకు నాన్నా అంటే "మంచి బీడు మళ్లీ దొరకదురా" అనేవారు. అందులో రెండు మిగిలాయి.

మా బావ అక్కడ పాత కార్ల రేసుల్లో ఎంజీఏ అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు నడుపుతాడు, 1957 నాటి 1500 మోడలు. ఉద్యోగం వారం అంతా చేసి శని ఆదివారాలు దాని కింద పడుకుంటాడు. వాళ్ల క్లబ్బు రేసుల్లో గెలిస్తే డబ్బులేం రావు, ఆ కాలం కార్లు ఆ కాలంలో ఎలా పరిగెత్తాయో అలా పరిగెత్తించడమే సంబరం. ఆ కారు బ్లాకు పగిలింది. బావ కొనకముందు ఎవరో చలికాలంలో నీళ్లు దింపకుండా వదిలేశారట, గడ్డ కట్టి వాటర్ జాకెట్ (సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే దారి) గోడ చిట్లితే ఏదో కుట్టించి వాడుతున్నారు, మొన్న ఆ కుట్టు పక్కనుంచి మళ్లీ విడిపోయింది.

ఇక్కడ ఇంజన్ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా గొడవ అర్థం కాదు. ఇంగ్లండులో బీఎంసీ అనే కార్ల కంపెనీ వాళ్ల బీ సిరీస్ ఇంజనని ఒకటుండేది. 1955లో వచ్చిన ఎంజీఏకి అదే పెట్టారు, బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 88.9, నాలుగు సిలిండర్లకి కలిపి 1489 సీసీ. మన అంబాసిడర్ అసలు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే కదా, దానికీ మొదట్లో ఉన్న సైడ్ వాల్వ్ ఇంజన్ తీసేసి 1959లో ఈ 1489నే దింపారు. బోరు అదే, స్ట్రోకు అదే, పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంకుకి ఆనికిచ్చే మెయిన్ బేరింగులు మూడే. కోల్‌కతా పక్కన ఉత్తర్‌పారాలో ఈ ఇంజన్లు ఏళ్ల తరబడి తయారయ్యాయి, కారు మాత్రం 2014 దాకా వచ్చింది. ఎంజీఏకి ముందు ప్లేటు వెనక ప్లేటు, మౌంటింగులు వేరే, కార్బురేటర్లు రెండు, హెడ్డు కంప్రెషను వేరే, అవన్నీ బావ దగ్గర ఉన్నవే. కావాల్సింది బ్లాకు ఒక్కటే.

ఆ ఆదివారం రెండు బ్లాకులూ బయటికి లాగాం. నాన్న వాటికి గ్రీజు కలిపిన పాత ఇంజన్ ఆయిల్ దట్టంగా పూసి ఉంచారు, డీజిలుతో కడిగితే లోపల బోర్లు అద్దంలా కాకపోయినా తుప్పు లేకుండా వచ్చాయి. మా షాపులో ఫిట్టరు తాత ఒకాయన ఉన్నాడు, నాన్న కాలం మనిషి, చిన్న సుత్తి తీసుకుని బ్లాకు మీద అక్కడా ఇక్కడా కొట్టి చెవి పెట్టి విన్నాడు. పగుళ్లు లేని బీడు గంటలా మోగుతుంది, పగిలింది డబ్బాలా పలుకుతుంది. తర్వాత కిరసనాయిలు పూసి, అది ఇంకే దాకా ఆగి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి జల్లాం. పగులుంటే లోపల ఇంకిన కిరసనాయిలు బయటికి ఊరి తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత కనిపిస్తుంది. మొదటి దానికి హెడ్ స్టడ్ రంధ్రం దగ్గర అరంగుళం గీత కనపడింది, పక్కన పెట్టేశాం. రెండోదానికి ఏమీ లేదు, పావుగంట చూశాం, సుద్ద పొడిగానే ఉంది. "ఏటి బాబూ, ఇది అమెరికా ఎల్తాదా, మన టాక్సీ ఇంజనే గదా" అన్నాడు తాత, కానీ ఆయన మొహంలో గర్వం దాగలేదు.

బోరు డయల్ పెట్టి చూస్తే అది ఒకసారి ఇరవై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) రీబోరు అయిన బ్లాకు, అంటే 73.53 ఉండాలి, అరుగుదల వల్ల పైన రింగు ఆగే చోట 73.6 దాటింది. నలభై థౌకి బోరు చేస్తే నీటుగా వచ్చేస్తుంది, 74.04 బోరుతో 1531 సీసీ. అరవై దాకా వెళ్లినా 1552, బావ క్లాసు పరిమితి 1600 సీసీ, కాబట్టి ఎటు చూసినా లోపలే ఉంటుంది. ఫొటోలు, కొలతలు అన్నీ పంపించా.

వారం తర్వాత వాళ్ల క్లబ్బు నుంచి జవాబొచ్చింది, కుదరదని. ఏ క్లబ్బన్నది రాయను, అందులో ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు కూడా కాదు. వాళ్ల రూలు ప్రకారం ఆ కారుకి ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అమర్చిన బ్లాకు ఉండాలి, లేదా క్లబ్బు లిస్టులో ఉన్న బదులు బ్లాకు ఉండాలి. అంబాసిడర్ బ్లాకు ఆ లిస్టులో లేదు. సరే రూలు రూలే, కానీ లిస్టులో ఏముందో బావ చదివి వినిపిస్తే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లిస్టులో ఎంజీఏ తర్వాతి మోడలు ఎంజీబీ 1800 బ్లాకు ఉంది, అయిదు మెయిన్ బేరింగులది! పాత బ్లాకులు దొరకడం లేదు కాబట్టి అది వేసుకోవచ్చు, కారుకి అదనంగా కొంత బరువు కట్టుకుని పై క్లాసులో పరిగెత్తాలి, అంతే.

ఎంజీబీ 1962లో వచ్చింది, అప్పటికి దానికీ మూడు బేరింగులే, అయిదు బేరింగుల బ్లాకు 1964 చివర్లో గానీ రాలేదు. ఎంజీఏ తయారీ 1962లోనే ఆగిపోయింది. అంటే ఏ ఎంజీఏ కూడా ఫ్యాక్టరీ నుంచి ఆ బ్లాకుతో బయటికి రాలేదు, వచ్చే అవకాశమే లేదు. బోరు 80.26, అంటే మూడొందల సీసీ పైనే ఎక్కువ. పొడుగాటి క్రాంకుకి మూడు చోట్ల ఆనిక ఉండటం, అయిదు చోట్ల ఉండటం ఒకటి కాదు, స్పీడు పెరిగే కొద్దీ మూడు బేరింగుల క్రాంకు మధ్యలో వంగి అదురుతుంది, నడిపేవాడు ఆ అదురు చూసుకుని యాక్సిలరేటర్ మీద కాలు అదుపులో పెట్టుకోవాలి, 1957లో ఆ కారు నడిపినవాడు చేసింది అదే. ఆ భయం తీసేశాక అది 1957 కారు రేసు ఎలా అవుతుంది? మరోపక్క, అవే కొలతలు, అవే మూడు బేరింగులు, అదే బీడు, కాకపోతే బెంగాల్లో పోశారు, దానికి మాత్రం చోటు లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

అసలు బ్లాకు రూలు ఎందుకుందో ముందు ఆలోచించాలి. పాత కార్ల రేసుల్లో ప్రపంచమంతా చూసే రూల్ పుస్తకం ప్రపంచ మోటారు రేసుల సంఘం ఎఫ్ఐఏ వాళ్ల 'అపెండిక్స్ కే'. అది కార్లని ఏ ఏళ్లవో బట్టి పీరియడ్లుగా విడగొడుతుంది, 1947 నుంచి 1961 దాకా ఒకటి, 1962 నుంచి 1965 దాకా ఇంకొకటి, ఇలా. కారుకి హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్టని ఇస్తారు. ఆ పాస్‌పోర్టు చూసేది ఈ కారు ఆ కాలపు స్పెసిఫికేషన్‌కి ఉందా లేదా అన్నది, అంతేగానీ ప్రతి నట్టూ అప్పుడు బిగించినదేనని సర్టిఫికెట్ ఇవ్వదు. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. ఎందుకంటే రేసులో నడిచే కారుకి పిస్టన్లు, బేరింగులు, వాల్వులు, క్లచ్ ప్లేట్లు ఏడాదికోసారి మారుతూనే ఉంటాయి, వాటి గురించి ఎవరూ అడగరు. బ్లాకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ అదేదో ఆత్మ అన్నట్టు పట్టింపు వస్తుంది. నంబరు దాని మీదే కొడతారు కదా, అందుకు.

మన దగ్గర కూడా అంతేగా, ఆర్సీ బుక్కులో ఇంజన్ నంబరు ఉంటుంది, బ్లాకు మారిస్తే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లాల్సిందే. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి కొత్త రూల్స్ తెచ్చింది, యాభై ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటే రాష్ట్రం కోడు తర్వాత వీఏ అని ఉండే ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. అది సరైన రూలు, ఎందుకంటే అక్కడ కాపాడుతున్నది ఒక వస్తువుని, ఆ బండి రోజూ తిరగకూడదు, ఎగ్జిబిషనుకో ర్యాలీకో వెళ్లొచ్చి షెడ్డులో పడుకోవాలి. మ్యూజియం వస్తువుకి ఉండాల్సిన రూలు మ్యూజియం వస్తువుకి ఉండాలి, రేసు కారుకి వేరే ఉండాలి, ఈ రెండూ కలిపేస్తేనే తంటా. అసలు బ్లాకు ఉన్నవాడు దాన్ని రేసులో పెట్టి ఆరువేల ఆర్పీఎం దాకా లాగి, ఒకరోజు కనెక్టింగ్ రాడ్డు పక్కగోడ చీల్చుకుని బయటికొస్తే, పోయింది చరిత్రే కదా. దాన్ని ఆయిలు పూసి ఇంట్లో దాచి, కారులో వేరే బ్లాకు వేసి పరిగెత్తిస్తే చరిత్రా మిగులుతుంది, రేసూ మిగులుతుంది.

బ్లాకు చచ్చిపోతుంది, ఈ మాట బోరింగు షాపులో పుట్టి పెరిగినవాడికి చెప్పక్కర్లేదు. ప్రతి రీబోరుకీ గోడ పలచబడుతుంది. ఆ గోడ మొదట్నుంచీ అన్ని వైపులా ఒకే మందంలో ఉండదు, పోత పోసేటప్పుడు లోపల నీళ్ల దారి కోసం పెట్టే ఇసక కోరు కొంచెం పక్కకి జరిగితే ఒకవైపు మందం, ఒకవైపు పలచన అయిపోతుంది. బయట నుంచి చూస్తే రెండు బ్లాకులు కవల పిల్లల్లా ఉంటాయి, ఒకటి అరవై థౌ తట్టుకుంటుంది, ఇంకొకటి నలభైకే నీళ్లు కారుస్తుంది. లైనర్, అంటే సిలిండరు లోపల కొత్త గొట్టం, వేయొచ్చు, మేమూ వేస్తాం, కానీ లైనర్ కోసం ఇంకా బోరు చేయాలి, పలచటి గోడకి అది కూడా ఎన్నిసార్లు? పాత బెంట్లీ 3 లీటర్ కారుకైతే హెడ్డూ బ్లాకూ కలిపి ఒకే పోత, హెడ్డులో పగులొస్తే మొత్తం పోయినట్టే. కొత్తగా పోత పోయించుకోకపోతే అలాంటి కార్లు ట్రాకు మీద ఎంతకాలం మిగులుతాయి చెప్పండి.

ఆ రోజుల్లోనే బ్లాకులు ఏరుకోవడం ఉండేది, అది కూడా మర్చిపోకూడదు. లోటస్ వాళ్లు ట్విన్ కామ్ ఇంజన్ చేసినప్పుడు బ్లాకు సొంతంగా పోయించలేదు, ఫోర్డు వాళ్ల 1498 సీసీ బ్లాకు తెచ్చుకుని బోరు పెంచి 1558 చేశారు, దానికి గోడలు మందంగా పడిన బ్లాకుల్ని కొలిచి ఏరుకునేవాళ్లు. అమెరికాలో 1960ల ట్రాన్స్-యామ్ రేసులకి అయిదు లీటర్ల పరిమితి పెడితే షెవ్రలే వాళ్లు 327 ఇంజన్ బోరుకి 283 ఇంజన్ స్ట్రోకు జతచేసి 302 క్యూబిక్ అంగుళాల ఇంజన్ కట్టారు. అంటే అప్పటివాళ్లు కూడా పరిమితి చూసుకుని, కొలత చూసుకుని, ఉన్న పోతల్లోంచి కట్టుకున్నవాళ్లే.

నాన్న ఒకసారి మద్రాసు మెయిలెక్కి షోలవరం రేసు చూడ్డానికి వెళ్లారు, 1970ల చివర్లో. ఇరుంగాట్టుకోటై ట్రాకు 1990లో వచ్చింది, అంతకుముందు మద్రాసు రేసులంటే షోలవరం పాత విమానాల రన్‌వే మీదే. అక్కడ ఫియట్ 1100 ఇంజన్లు పెట్టి మనవాళ్లే కట్టుకున్న సింగిల్ సీటర్లు చూసి ఆయన జన్మంతా చెప్పుకున్నారు. "అదే ఇంజన్రా, నేను గురువారం బోరు చేసి ఇచ్చిన డాక్టరు గారి ఫియట్ ఇంజనే, అక్కడ పాములా బుస కొడతంది" అనేవారు. 68 బోరు, 75 స్ట్రోకు, 1089 సీసీ, ఆ అంకెలు నాకు ఎక్కాలతో పాటే వచ్చాయి. ఆ బ్లాకు ఇటలీలో పోశారా బొంబాయిలో పోశారా అని రన్‌వే పక్కన నిలబడ్డ ఏ ఒక్కడూ అడగలేదు.

ఇప్పుడు అవతలివాళ్ల మాట. దాంట్లో బలం లేకపోలేదు, నేను కొట్టిపారేయను. కొత్త పోతలకి తలుపు తీస్తే డబ్బున్నవాడు పైకి పాత దానిలా కనిపించే, లోపల గోడలు రెండింతలు మందంగా, బేరింగు క్యాపులు స్టీలుతో, మంచి రకం బీడుతో బ్లాకు పోయించుకుంటాడు, ఇంకో వెయ్యి ఆర్పీఎం ఎక్కువ లాగుతాడు, పక్కవాడు తన పాత బ్లాకుతో వెనకపడి, చివరికి వాడూ కొనాల్సి వస్తుంది, కొనలేనివాడు కారు అమ్ముకుంటాడు. నిజం. పవరు హెడ్డులోంచి, కామ్ షాఫ్టులోంచి వస్తుందన్నది ఎంత నిజమో, ఆ పవరు తట్టుకునే గుండె బ్లాకన్నదీ అంతే నిజం. కానీ ఈ భయానికి మందు ఊరి పేరు చూడటం కాదు కదా, గోడ మందం చూడటం. అల్ట్రాసోనిక్ మీటరు పెడితే బ్లాకు విప్పకుండా, హెడ్డు తీస్తే చాలు, బోరు లోపల నాలుగు వైపులా మందం చెబుతుంది. మెయిన్ బేరింగులు ఎన్నో కింద ఆయిలు సంపు విప్పితే కనిపిస్తాయి. అయస్కాంతం పెడితే బీడో అల్యూమినియమో తెలిసిపోతుంది. బోరు సెంటర్ల దూరం, డెక్ (బ్లాకు పై ముఖం) ఎత్తు కొలవడానికి వెర్నియరు, హైట్ గేజి చాలు. ఖాళీ బ్లాకు బరువు తూస్తే గోడలు దట్టించిందీ లేనిదీ ఇంకా తేలిపోతుంది. ఇవన్నీ మా షాపులో ఒక పూట పని.

అంటే నేను అడిగేది ఇంతే, ఆ కాలపు కొలతల్లో, ఆ కాలపు లోహంతో, అన్నే బేరింగులతో ఉన్న బ్లాకు, ఎవరు పోసినా, ఎప్పుడు పోసినా, కొలిచి లోపలికి రానివ్వండి, గోడ మందానికి పై పరిమితి కూడా పెట్టండి. ఆ తర్వాతి కాలంలో మెరుగుపరిచిన బ్లాకు, అది అదే కంపెనీ పేరుతో వచ్చినా సరే, అదే క్లాసులోకి వద్దు, పై క్లాసులోకీ వద్దు, దాని కాలం రేసులు దానికి వేరే ఉన్నాయి. దొరకడం లేదు కాబట్టి 1800 బ్లాకుకి ఒప్పుకున్నామన్నారు, దొరికినప్పుడు ఇంక ఆ కారణం చెల్లదు కదా.

మా ఊరి సిరిమానోత్సవం తెలిసినవాళ్లకి ఇది ఇంకోలా చెప్పొచ్చు. పైడితల్లి అమ్మవారి సిరిమాను ప్రతి ఏడూ కొత్త చెట్టే. చెట్టు ఎక్కడుందో అమ్మవారు కలలో చెబుతుందని నమ్మకం, వెళ్లి పూజ చేసి కొట్టి తెస్తారు. కానీ చింత మానే అయ్యుండాలి, అంత పొడుగూ ఉండాలి, చివర పూజారి కూర్చుంటే గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగాలి. చిన్నప్పట్నుంచీ కోట జంక్షన్లో నిలబడి చూస్తున్నా, ఇది పోయిన ఏటి మాను కాదు కాబట్టి ఇది సిరిమాను కాదు అన్నవాడిని నేను చూడలేదు. అదే చింతకి బదులు ఇనప స్తంభం పెడతాం, ఇంకా గట్టిగా ఉంటుంది, విరగదు అంటే ఊరు ఊరంతా లేచి నిలబడుతుంది. ఆ రాత్రి బావకి ఫోన్‌లో ఇదే చెప్పా. చాలాసేపు విని, "ఇది ఇంగ్లీషులో వాళ్లకెలా చెప్పాలిరా" అన్నాడు. చింతచెట్టు గురించి వద్దులే బావా, కొలతలు పంపుదాం అన్నా.

సంక్రాంతి తర్వాత కూర్చుని మొత్తం షీటు తయారు చేశాం. నాలుగు బోర్లలో ఒక్కోదానికి పైన, మధ్యన, కింద, ముందు వెనక కుడి ఎడమ గోడ మందాలు, మొత్తం నలభై ఎనిమిది అంకెలు. మీటరు వైజాగులో తెలిసినవాళ్ల దగ్గర రెండు రోజులకి తెచ్చుకున్నా. మూడో బోరు కుడి వైపు మిగతా వాటికంటే పలచగా ఉంది, కోరు అటు జరిగిందన్నమాట, అది కూడా దాచకుండా రాశాం. బావ తన పగిలిన బ్లాకుకి కూడా అదే పద్ధతిలో అక్కడ కొలిపించాడు. రెండు షీట్లూ పక్కపక్కన పెడితే ఏది ఇంగ్లండుదో ఏది ఉత్తర్‌పారాదో పేర్లు మూసేసి చెప్పమంటే నేను చెప్పలేను, ముప్ఫై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి. వచ్చే సీజను రూల్స్ మీటింగులో వాళ్లు ఆ రెండు షీట్లూ చూస్తామన్నారు, ఒప్పుకుంటామని అనలేదు, చూస్తామన్నారు.

అప్పటిదాకా బ్లాకు ఇక్కడే ఉంటుంది. నలభై థౌ బోరు ఇంకా చేయలేదు, వాళ్లు ఔనంటేనే, పిస్టన్లు చేతికొచ్చాకే చేస్తా, ముందే చేసి పెడితే పిస్టను సైజు అటూ ఇటూ అయితే బ్లాకు పాడు. నిన్న మళ్లీ నాన్న చేసినట్టే గ్రీజు కలిపిన ఆయిల్ పూసి, కొత్త గోనెసంచి చుట్టి, నేల చెమ్మ తగలకుండా రెండు టేకు చెక్కల మీద ఎక్కించాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరి పాత గ్యారేజీలోనైనా, మావిడి తోటలో పంపుషెడ్డులోనైనా 1489 పెట్రోలు బ్లాకు పడుంటే దయచేసి తుక్కు బండికి వేయకండి. ముందు డీజిలుతో కడిగి, కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి జల్లి పావుగంట చూడండి. గీత రాకపోతే నాకు కబురు చేయండి, బండి నేనే పంపిస్తా.